క్షురమును సానరాయియు



ఖడ్గములను గూర్చియు, వానిని కొలిమిలో సాగగొట్టిన కమ్మరులను గూర్చియు, చేబూని పోరాడిన వీరులను గూర్చియు మనము పెక్కు కథలు విన్నవారము. ఆ ఖడ్గమునకు వాడి నిచ్చిన రాతిని గూర్చి విన్నవారు మాత్రము కొలదిమంది. కొలిమివలనను నీటివలనను ఉక్కునకు కాఠిన్యము వచ్చును. వాడి వచ్చుట రాతివలననే. ఈ మాట ఖడ్గము విషయముకంటె మంగలికత్తి విషయమున మఱింత సత్యము. ఖడ్గము కొంత మొద్దువాఱినను విసరువాని భుజబలముచేత తెగును. గడ్డము గీయు కత్తి మొద్దువాఱినచో చర్మము వెంటనే సాక్ష్యము పలుకును. జపానుదేశమున క్యోటో నగరమునకు వాయవ్యమున నున్న కొండలలో దొరకిన సానరాళ్లను గూర్చియు, వానిమీద క్షురములు నూరినవారిని గూర్చియు నేడు నేను చెప్పదలచితిని. అయితే ఈ కథకు మొదలు మన దేశమునందే యున్నది గనుక అచ్చటనుండియే యారంభింతును.

బౌద్ధుల వినయపిటకమున చుల్లవగ్గ మను భాగము కలదు. భిక్షువుల దినచర్యకు సంబంధించిన అతిస్వల్పవిషయములకును అందు నియమము లున్నవి. తలవెండ్రుకలు రెండు మాసములకు గాని, రెండు వ్రేళ్ల వెడల్పునకు గాని మించి పెరుగనీయరాదని యొక నియమము. అందులకై భిక్షువునకు క్షురము నుంచుకొన ననుజ్ఞ యీయబడినది. అంతటితో ఆ నియమము నిలిచిపోలేదు. క్షురమును నూరుకొనుటకు రాయి, దానిని దాచుకొనుటకు ఒర, తక్కిన క్షౌరపరికరములు - ఇవన్నియు నుంచుకొనవచ్చునని వరుసగా చెప్పబడినది. పాళీభాషలో ఆ రాతి పేరు 'ఖురసిల'. మన మాటలో క్షురశిల. రాయి లేని క్షురము కొన్ని దినములలోనే పనికిరాని ఇనుపరేకు అగునని ఆ నియమము చేసినవారికి తెలియును. పనిముట్టుతోపాటు దాని పోషణమునుగూడ జ్ఞాపకముంచుకొనుట చేతిపని యెరిగినవారి లక్షణము.

వినయపిటకమున కీ లక్షణ ముండుటలో నాకు వింత తోచదు. బుద్ధుని నిర్యాణానంతరము రాజగృహమున జరిగిన ప్రథమసంగీతియందు వినయమును చెప్పినవాడు ఉపాలి యని బౌద్ధసంప్రదాయము. ఆయన పూర్వాశ్రమమున శాక్యరాజకుమారులకు క్షురకుడు. ఆ రాకుమారులు తామును సన్న్యసింప వచ్చినప్పుడు, తమ కులగర్వ మణగుటకై ఉపాలికి ముందుగా దీక్ష యిమ్మని బుద్ధుని వేడుకొనిరట. ఆ వెనుక తాము ఆయనకు నమస్కరించిరట. కత్తి పొది పట్టుకొని యింటింటికి తిరిగిన వానిని సంఘము చిన్నచూపు చూచుట నాడును ఉన్నది, మొన్నమొన్నటిదాకను ఉన్నది. ఆ చిన్నచూపువలననే వాని చేతి విద్య గ్రంథముల కెక్కలేదు. ఈ విషయమును ముందు మఱల తలచుకొందము.

భారతదేశమునుండి బౌద్ధధర్మము చీనాకును, కొరియాకును, అచ్చటినుండి ఆఱవ శతాబ్దమున జపానునకును పోయినది. ధర్మముతోపాటు ముండనమును పోయినది. జపానుల ప్రాచీన చరిత్రగ్రంథమైన నిహోన్ షోకీ ననుసరించి 584వ సంవత్సరమున ఆ దేశమున మొదటగా శిరోముండనము చేయించుకొని దీక్ష పుచ్చుకొన్నవారు ముగ్గురు స్త్రీలు. వారిలో ముఖ్యురాలు జెన్‌షిన్. క్షురమునకు జపానుభాషలో 'కమిసోరి' యని పేరు. వెండ్రుకలను గొరుగునది యని దాని యర్థము. మఠములనుండియే యది క్రమముగా గృహస్థుల యిండ్లకు చేరినది.

794లో క్యోటో రాజధాని యైనది. ఆ నగరమునకు వాయవ్యమున అతాగో పర్వతము. దాని చుట్టుపట్టుల తకావో, ఉమెగహత, నారుతకి యను పల్లెలు. జపాను వడ్రంగులును, వంటవారును, ఖడ్గములకు మెఱుగు పెట్టువారును, క్షురకులును శతాబ్దముల పర్యంతము ప్రాణసమానముగా నెంచిన సన్నసానరాళ్లు ఈ కొండలలోనివే. వీనికి 'అవసెదో' యని సామాన్యనామము. 1190లో హొమ్మ తోజయెమొన్ అనువాడు ఈ రాతిని మినమొతో యొరితొమోకు సమర్పించి, రాతిపనివారిపై పెద్దఱికమును పొందెనని ఆ ప్రాంతపు సంప్రదాయకథ. ఆ యొరితొమోయే రెండేండ్లకు కామాకురా షోగునైనాడు. ఇట్టి కథలను వంశముల వారు తమ హక్కుల కొఱకు కాపాడుకొందురన్న మాట నిజమే. అయినను యోధులు రాజ్యమేలిన కాలమున సానరాతికి ప్రభువుల యాదరము కలిగెననుటలో అసంభవ మేమియు లేదు.

ఆ కొండలలోనే ఉమెగహతయందు కోజాన్‌జీ యను మఠము కలదు. 1206లో మ్యోయె అను భిక్షువునకు మాజీ చక్రవర్తి గోతోబా ఆ స్థలము నిచ్చెను. ఈ మ్యోయె (1173-1232) ను గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు పోజాలను. ఆయనకు మన దేశమునకు వచ్చి బుద్ధుడు నడచిన నేలను చూడవలెనని తీరని కోరిక. చీనాదేశపు చాంగాన్ నగరమునుండి రాజగృహమునకు దినమునకింత దూరము నడచినచో ఎన్ని దినములు పట్టునో లెక్క వ్రాసి పెట్టుకొనెను. రెండుమాఱులు ప్రయాణమునకు సిద్ధపడి మానుకొనెను. ఇరువదినాలుగవ యేట, దేహాభిమానము పోవలెనని, క్షురముతో తన కుడిచెవిని తానే కోసికొనెను. రాజగృహము చూడలేని ఆ భిక్షువు కడపటికి సానరాతికొండల నడుమ నివసించెను. దీనిలో నేదో గూఢార్థ మున్నదని నేననను. చరిత్రలో నిట్టి పొందికలు తారసపడినప్పుడు చెప్పుట వేడుక యని మాత్రమే చెప్పితిని.

ఇక రాతి పుట్టుక. దీనిని నేటి భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పినట్లు చెప్పెదను. పురాణముకంటె నిది యాశ్చర్యకరము.

ఈ రాయి క్యోటోలో పుట్టలేదు. భూమియందలి ఖండములన్నియు నొక్కటిగా కూడియున్న కాలమున, దానిచుట్టు నున్న మహాసముద్రపు నడుమ, మిక్కిలి లోతున, అడుగున పేరుకొన్న మడ్డి యిది. ఆ సముద్రమున రేడియోలేరియా యను సూక్ష్మజీవులు కోట్లకొలది యుండెడివి. వాని చిప్పలు గాజువంటి సికతతో నైనవి. అవి చచ్చి అడుగున పడి, వేయి సంవత్సరములకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పేరుకొని, చెకుముకిరాతివంటి గట్టి శిల యగుచుండెను. 25 కోట్ల 20 లక్షల సంవత్సరముల క్రిందట భూమిపై జీవరాశికి మహావినాశము సంభవించినది. సముద్రజీవులలో హెచ్చుజాతులు నశించినవి. రేడియోలేరియాయును దాదాపుగా మాయమైనది. చిప్పలు రాలుట నిలిచిపోవుటచే, గాలితో కొట్టుకొనివచ్చిన అతిసూక్ష్మమైన మన్నును స్ఫటికరజమును మాత్రమే అడుగున పేరుకొనజొచ్చినవి. ఆ మన్నే గట్టిపడి, కోట్ల యేండ్లు సముద్రతలముతోపాటు కదలి వచ్చి, జపాను అంచున కొండలలో చిక్కుకొన్నది. అదియే మన సానరాయి. ఇసొజాకి యుకియో, 1997లో, ఈ శిలలనుండి ఆ వినాశకాలమున సముద్రపు లోతులలో ప్రాణవాయువు చిరకాలము లోపించెనని నిరూపించినాడు. శాస్త్రజ్ఞులు ఈ జాతి శిలకు పెట్టిన పేరులోగూడ 'తోయిషి', అనగా సానరాయి, యను మాటయే యున్నది. క్షురకుడు కత్తి నూరిన రాయియు, ప్రపంచ ప్రళయమునకు సాక్షియైన రాయియు నొక్కటియే.

చెకుముకిశిల మిక్కిలి గట్టిది. ఉక్కు దానిపై జారిపోవును. మామూలు బంకమంటి రాయి మెత్తనిది; అరిగిపోవును గాని ఉక్కును తినదు. ఈ రాతిలో సన్నని స్ఫటికరేణువులు మెత్తని మంటిలో ఒదిగియున్నవి. రేణువు పని చేయును. మన్ను దానిని లోతుగా దిగనీయక పట్టియుంచును. మంచి సానరాతి రహస్యమంతయు నిదియే.

అయితే ఒకే కొండలోని రాళ్లన్నియు నొక్కరీతిగా నుండవు. పనివారు పొరపొరకును పేరు పెట్టినారు. తోమయె యొక పొర, సుయిత మఱియొక పొర. సుయితలో చిన్న చిన్న రంధ్రము లుండును. పచ్చని రాతికి కియిత యనియు, లేత నీలిరంగు రాతికి అసగి యనియు, నల్లని మచ్చలు గలదానికి కాకి యను నర్థముగల కరసు యనియు, బేరిపండు తొక్కవంటి చుక్కలుగలదానికి నషిజి యనియు, ఎఱ్ఱని చిన్న మరకలు గలదానికి తామరపువ్వు పేర రెంగె యనియు పేర్లు. ఈ రంగులకై ధనికులు నేడు వేలంవెఱ్ఱిగా ధర పెట్టుదురు. క్షురమునకు రంగుతో పనిలేదు. రాయి గట్టిగాను, సన్నముగాను, నిర్దోషముగాను ఉండవలెను; అంతియే. సూదివలె గట్టి గీత యొక్కటి రాతిలో నున్నచాలు, మూడుదినముల శ్రమ నొక్క రాపిడిలో పాడుచేయును. వంటకత్తి దానిని సహించును, క్షురము సహింపదు. అందుచేతనే గనిలోనుండి వచ్చిన రాళ్లలో క్షురమునకు తగినవి యెప్పుడును కొలదిగనే తేలెడివి. తడిసిన రాయి శీతకాలపు మంచున పగులును గనుక చల్లని గదిలో నుంచరాదు. పొరలు విడిపోకుండ ప్రక్కలకు లక్క పూయుదురు.

నూరు విధానమును కొంచెము విపులముగా చెప్పెదను. క్షురమును రాతిపై పరుండబెట్టవలెను. కత్తి వెన్నును, అంచును రెండును రాతిని తాకవలెను. వెన్ను మందమునుబట్టియు, కత్తి వెడల్పునుబట్టియు అంచు కోణ మేర్పడును. సాధారణముగా నది 16, 17 డిగ్రీల ప్రాంతమున నుండును. కోణమును నిలుపుట చేతిపని కాదు, కత్తి యాకృతియే దానిని నిలుపును. చేయి చేయవలసినది వేఱు: బరువు మోపకుండుట. క్రొత్తగా నేర్చువాడు వాడి త్వరగా రావలెనని కత్తిని అదుముకొనును; పలుచని అంచు వంగి రాతినుండి పైకి లేచును; ఎంత నూరినను వాడి రాదు.

పొడిరాతిపై పని జరుగదు. నీరు చల్లి, 'నగుర' యను చిన్న రాతిముక్కతో సానరాతిని రుద్దవలెను. మికావ ప్రాంతమున అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి యేర్పడిన తెల్లని నగురలకు పేరు. వానిలో బొతన్ ముతక, తెంజో అంతకు సన్నము, మెజిరో ఇంకను సన్నము, కోమ అన్నిటికంటె సన్నము. ఒకదాని తరువాత నొకటి రుద్దిన, రాతిపై గంధము దిగును. గంధమని నేను తెలిసియే యనుచున్నాను. మన పూజామందిరమున సానమీద గంధపుచెక్క అరగదీసినప్పుడు నీరు ఎంత పోయవలెనో, ఎప్పుడు చిక్కబడినదో, ఎప్పుడు పలుచనైనదో స్త్రీలు చూపుతోనే చెప్పుదురు. ఇచ్చటను అదే నేర్పు. పాలవలె తెల్లనైన ఆ గంధము కత్తి నడచినకొలది బూడిదవన్నె తిరిగి నల్లబడును. ఆ నలుపు అరిగిన ఉక్కు. కడపట నీటిబొట్లు వేయుచు గంధమును పలుచన చేసి, చిట్టచివర స్వచ్ఛమైన నీటిపైననే కొన్ని పర్యాయములు కత్తిని నడపుదురు. అప్పుడు కత్తికిని రాతికిని నడుమ నొక విధమైన అంటుకొను లక్షణము కలుగును. జారెడి కత్తిని రాయి పట్టుకొన్నట్లుండును. నా యొద్ద నున్న చిన్న కియితపై ఈ లక్షణమును గుర్తింప నాకు చాల నెలలు పట్టినది. ఒకమాఱు గుర్తించిన వెనుక మఱవుట లేదు. ఆ తరువాత నారబట్టపైనను, తోలుపట్టీపైనను కత్తిని వెనుకకు లాగుదురు. రాతిపై అంచు ముందు నడచును. తోలుపై వెన్ను ముందు నడచును. తిరుగవేసినచో తోలు తెగును.

జపాను క్షురమునకు మఱియొక విశేషము కలదు. మెత్తని ఇనుమునకు గట్టి ఉక్కును అతికి, రెండు ముఖములు సమానముగా కాక, ఒకటి యొకరీతిగ, రెండవది వేఱురీతిగ చేయుదురు. రాతిపై నూరుటయు రెండు ప్రక్కల సమానముగా నుండదు.

తోకుగావా షోగునుల కాలమున ఎదో నగరపు పురుషులు నడినెత్తి గొరిగించుకొని వెనుక జుట్టు ముడివైచుకొనెడివారు. నెత్తి యెప్పుడును నున్నగా నుండవలెను గనుక క్షురకుని పని తెంపులేనిది. వాని యంగడి ఊరి ముచ్చటలకు నిలయము. షికితే సన్‌బా 1813లో ప్రకటింప నారంభించిన 'ఉకియోదొకో' యను హాస్యగ్రంథము సాంతము అట్టి యంగడిలోనే నడచును. అందలి మాటకారితనము మన పల్లెల రచ్చబండలను తలపించును. 1871లో మేయిజీ ప్రభుత్వము జుట్టును ఎవరియిష్టమువచ్చినట్లు కత్తిరించుకొనవచ్చునని యాజ్ఞ యిచ్చెను. 1873లో చక్రవర్తియే తన ముడిని కత్తిరించుకొనెను. 1876లో ఖడ్గధారణము నిషేధింపబడెను. ఐదేండ్లలో నడినెత్తిని గొరుగుటయు, నడుమున కత్తి దోపుకొనుటయు రెండును పోయినవి. సానరాతికి గిరాకి పోయినదని మనము తలంతుము. అట్లు జరుగలేదు. గడ్డము గొరిగించుకొను పద్ధతి ప్రబలినది. జర్మనీలోని జోలింగెన్ నుండియు, ఇంగ్లండులోని షెఫీల్డు నుండియు పడమటి క్షురములు వచ్చినవి. అవియు ఉమెగహత రాతిపైననే నూరబడినవి. కత్తి దేశాంతరమునుండి వచ్చినను రాయి స్వదేశపుదే.

ఆ విదేశీయ క్షురములకు దీటైనవానిని స్వదేశమున చేయవలెనని పూనుకొన్నవారిలో సాంజో పట్టణపు ఇవసాకి కోసుకే (1903-1967) ముఖ్యుడు. ఆయన తోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయమున లోహశాస్త్రము చదివి, ఖడ్గములకు వాడెడి తమహగనె యను నల్లయిసుక ఉక్కుతో క్షురములు చేసినాడు. కుమారుడు షిగెయోషి ఆ పనిని కొనసాగించెను. విశ్వవిద్యాలయపు పట్టము పుచ్చుకొన్నవాడు కొలిమి ముందు కూర్చుండుట, క్షురమును పరిశోధనకు యోగ్యమైన వస్తువుగా చూచుట - నే నీ చరిత్రలో మిక్కిలి గౌరవించునది యీ ఘట్టమును.

ఇంతకును ఈ సహజశిలకు నిజముగా గొప్పదన మున్నదా, లేక ఇది వర్తకుల ప్రచారమా? న్యాయముగా అడుగవలసిన ప్రశ్న. 1665లో రాబర్టు హుక్ తన 'మైక్రోగ్రాఫియా' గ్రంథమున మొదట సూదిమొనను, ఆ వెనుక మంగలికత్తి అంచును సూక్ష్మదర్శినితో చూచి వర్ణించెను. కంటికి రేఖవలె కనబడు అంచు గీతలతోను, ఎగుడుదిగుడులతోను నిండియుండెను. 2020లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున జెమ్ తసాన్ మున్నగువారు ఇంకొక విషయము కనుగొనిరి. ఉక్కుకంటె యాబది రెట్లు మెత్తనైన వెండ్రుక ఉక్కు అంచును పెచ్చులుగా ఊడగొట్టగలదు. అది అన్నిచోట్లను కాదు, అంచున ముందే లోపమున్నచోట, వెండ్రుక వంగి ప్రక్కనుండి తాకినప్పుడు. అనగా క్షురమునకు పలుచదనముకంటె ముఖ్యమైనది ఆ పలుచదనము పొడవునను సమముగా నుండుట. మంచి సానరాయి లోతైన గీతలను చెఱపి వేలకొలది అతిసన్నని గీతలను మిగుల్చును. కాని నేటి కృత్రిమశిలలును ఈ పని చేయగలవు. కొన్ని త్వరగాను చేయగలవు. సహజశిలతో నూరిన అంచు చర్మమునకు మృదువుగా నుండునని యభిమానులందురు. నా చర్మమును అదియే చెప్పును. అయినను ఒక చర్మము సాక్ష్యముతో తీర్పు చెప్పుట నాకు సమ్మతము కాదు. కృత్రిమశిలకు సంఖ్య యుండును. ఆ సంఖ్యను చూచి యెవ్వడైనను కొనవచ్చును. సహజశిలకు సంఖ్య లేదు. దాని స్వభావమును దాని యజమానుడే నేర్చుకొనవలెను. ఒక రాతిపై నేర్చినది మఱియొక రాతికి పూర్తిగా పనికిరాదు. ఈ విద్య నశించుటకు కారణమును ఇదియే.

నాశనము రెండు వైపులనుండి వచ్చినది. 1891లో అమెరికాలో ఎడ్వర్డు అచెసన్ విద్యుత్కొలిమిలో కార్బొరండమును సృష్టించెను. దానితో కృత్రిమ సానరాళ్లకు మార్గమేర్పడెను. 1903లో జిల్లెట్ కంపెనీ తన సురక్షిత క్షురములను అమ్మనారంభించి ఆ సంవత్సరము 51 మాత్రమే అమ్మగలిగెను. మఱుసటి యేట తొంబదివేలకు పైగా అమ్మెను. అంచు పోయిన రేకును పాఱవేయుటకు రాయి యెందులకు? ఆ తరువాత రక్తముద్వారా సంక్రమించు రోగముల భయమువలన క్షౌరశాలలలో ఒకరికి వాడిన అంచు మఱియొకరికి వాడరాదను నియమము వచ్చినది. అది మంచి నియమము. దానిని నేను తప్పుపట్టను. మన యాంధ్రదేశపు క్షౌరశాలలలోను తోలుపట్టీ గోడనుండి దిగిపోయినది, పొదిలోని రాయి యెక్కడికో పోయినది. వడ్రంగులకు విద్యుద్యంత్రములు వచ్చినవి. క్యోటో కొండలలోని గనులు ఇరువదవ శతాబ్దమున ఒకటొకటిగా మూతపడినవి. నకయామ గనియు మూతపడినది. రాయి తఱుగుటచే మాత్రమే కాదు. దానిని తవ్వుటకు దిగువాడును, తెచ్చినదానిని చూచి యిది క్షురమునకు, ఇది ఉలికి అని వేఱుచేయువాడును తఱుగుటచేత.

ఆ వేఱుచేయు నేర్పు ఏ గ్రంథమునను సమగ్రముగా లేదు. ఉపాలి సంఘనియమము లన్నిటిని కంఠస్థముగా చెప్పగలిగెను. క్షురశిలను భిక్షువు ఉంచుకొనవచ్చునని యందులో నున్నది, మంచి శిల నెట్లు గుర్తింపవలెనో లేదు. చేతినుండి చేతికి పోయినది చేయి ఆగినచోట నాగినది.

నేడు జపానున వృద్ధులైన క్షురకులు అంగడులు మూసినప్పుడు వారి రాళ్లు అమ్మకమునకు వచ్చును. వానిలో కొన్నిటి నడుమ, ఆ చేయి యెచ్చట నడచెనో అచ్చట, అర్ధశతాబ్దము అరిగిన పల్లము కనబడును. క్షురమునకు రాయి సమతలముగా నుండవలెను గనుక కొన్నవాడు మొదట చేయు పని, ముతకరాతిపై దానిని రుద్ది ఆ పల్లమును తీసివేయుట.